మధ్యాహ్నమందు పాడుచేయు రోగము

ఇరవై మూడవ కీర్తనను పక్కన పెడితే, మన ఇళ్లలో తొంభై ఒకటవ కీర్తనకు ఉన్న చోటు మరి దేనికీ లేదు. హనుమకొండలోనైనా, కాజీపేట రైల్వే క్వార్టర్లలోనైనా, నర్సంపేట వైపు పల్లెల్లోనైనా "మహోన్నతుని చాటున నివసించువాడే సర్వశక్తుని నీడను విశ్రమించువాడు" అన్న వాక్యం గోడ క్యాలెండర్ మీదో తలుపు పైనో కనిపిస్తుంది. 2020లో కరోనా కాలమంతా కుటుంబ ప్రార్థనల్లో ఈ కీర్తనే వినిపించింది. ప్రయాణానికి ముందు చదువుతాం, ఆపరేషన్‌కు ముందు చదువుతాం, పిల్లలు పరీక్షకు బయలుదేరేటప్పుడు చదువుతాం. రాత్రివేళ కలుగు భయం ఏమిటో మనకు తెలుసు. పగటివేళ ఎగురు బాణానికి, చీకటిలో సంచరించు తెగులుకు కూడా ఎవరి అనుభవంలో వారికి ఏదో ఒక అర్థం దొరుకుతుంది. ఆరవ వచనం రెండో సగానికి వచ్చేసరికి మాత్రం నోరు చదువుతూ పోతుంది, మనసు ఆగదు: "మధ్యాహ్నమందు పాడుచేయు రోగమునకైనను నీవు భయపడకుందువు." మధ్యాహ్నం వచ్చే రోగమేమిటి? వడదెబ్బా? మే నెలలో వరంగల్‌లో ఉన్నవారికి ముందుగా అదే తట్టడంలో వింత లేదు.

సుమారు 1,600 ఏళ్ల కిందట ఐగుప్తు ఎడారిలో చిన్న గదులు కట్టుకుని ప్రార్థనలో గడిపిన సన్యాసులు సరిగ్గా ఈ సగం వచనం దగ్గరే ఆగారు. వారి చేతిలో ఉన్న గ్రీకు కీర్తనల్లో ఇక్కడ మధ్యాహ్నపు దయ్యం ప్రస్తావన ఉంది. ఆ దయ్యం ఉదయం పదింటి వేళకు వచ్చి రెండింటి దాకా కదలదని వారిలో ఒకాయన రాసిపెట్టాడు. ఆయన పేరు ఎవాగ్రియస్. నల్లసముద్రం ఒడ్డున ఉన్న పొంతు ప్రాంతంలో సుమారు 345లో పుట్టాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో డీకనుగా, మంచి వాదపటిమ గలవాడిగా పేరు తెచ్చుకున్నాడు. ఒక వివాహిత మీద మనసు పడి, ఆ చిక్కులోంచి బయటపడడానికి నగరం విడిచి యెరూషలేము మీదుగా ఐగుప్తు చేరాడు. 399లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. మనిషిని పాడుచేసే తలంపులు ఎనిమిదని లెక్క కట్టి, వాటన్నిటిలో బరువైనది ఈ మధ్యాహ్నపు దయ్యమే అన్నాడు. దానికి వారు పెట్టుకున్న పేరు అకేడియా. తర్వాతి శతాబ్దాల్లో ఎనిమిది ఏడై, ఆ పట్టిక లాటిన్ సంఘం గుండా మన దాకా వచ్చింది. మనం దాన్ని సోమరితనం అని చదువుకుని, అది మన జబ్బు కాదులే అనుకుని ముందుకు పోతున్నాం.

ఎవాగ్రియస్ చూపించే సన్యాసిని కాస్త దగ్గరగా చూడండి. సూర్యుడు కదలడం లేదనిపిస్తుంది అతనికి. పగలు యాభై గంటలు సాగినట్టు తోస్తుంది. మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు. బయటికి వచ్చి, భోజనం వేళకు ఇంకా ఎంత పొద్దు ఉందో తల ఎత్తి చూస్తాడు. సహోదరులెవరైనా అటుగా వస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తాడు. ఆపైన ఈ చోటు మీదే విసుగు పుడుతుంది. ఈ బతుకు మీద, చేతిలో ఉన్న పని మీద కూడా. సహోదరుల్లో ప్రేమ అడుగంటింది, నన్ను ఓదార్చేవాడే లేడు అనుకుంటాడు. ఈమధ్య ఎవరైనా ఓ మాట అని ఉంటే అది సరిగ్గా అప్పుడే గుర్తుకు వస్తుంది. ఇంకో చోటికి పోతే బతకడం తేలిక, పని కూడా తేలిక, అయినా దేవుణ్ణి ఎక్కడున్నా ఆరాధించవచ్చు కదా అని వాక్యానుసారంగానే వాదించుకుంటాడు. ఇంటివాళ్లు గుర్తుకు వస్తారు. ముందున్న జీవితం ఎంత పొడవో కళ్లముందు పరుచుకుంటుంది.

ఇంతసేపూ ఆ మనిషి పడుకోలేదు, కునుకు తీయలేదు. ఎంత హడావుడిగా ఉన్నాడో చూడండి.

ఎవాగ్రియస్ బోధను పడమటి దేశాలకు మోసుకుపోయిన జాన్ కేసియన్ ఇంకో అడుగు వేశాడు. మార్సెయిల్‌లో మఠాలు పెట్టి, 420ల ప్రాంతంలో రాసిన తన గ్రంథంలో పదవ భాగమంతా ఈ ఒక్క రోగానికే ఇచ్చాడు. ఈ దయ్యం పట్టిన సన్యాసికి ఉన్నట్టుండి పరోపకారం మీద మనసు పోతుందట. ఫలానా ఊళ్లో రోగి ఉన్నాడు, పరామర్శించాలి. ఫలానా భక్తురాలికి చుట్టపక్కాల తోడు లేదు, ఆమెకు కావలసినవి చూసిరావాలి. గదిలో ఉత్తినే కూర్చోవడం కంటె ఇది పుణ్యం కదా! పనులన్నీ మంచివే. వాటిని ఆ క్షణంలో అతని ముందుకు తెచ్చింది మాత్రం ప్రేమ కాదు.

ఇది చదివినప్పుడు మన సంఘాలు గుర్తుకు రాకుండా ఉండవు. "ఈ సంఘంలో ప్రేమ లేదండీ" అన్న మాట ఈ నగరంలో ఎన్ని నోళ్ల నుంచి వినలేదు! అంటూనే ఇంకో సంఘానికి పోతారు, మొదటి ఆరు నెలలు అక్కడి పాటలు బాగుంటాయి, వాక్యం బాగుంటుంది, ఆ తర్వాత అక్కడ కూడా ప్రేమ కరువవుతుంది. ఎవాగ్రియస్ సన్యాసి నోట ఉన్న మాటే ఇది, అక్షరం పెద్దగా మారలేదు. సంఘం మారకూడదని నేను అనడం లేదు. కులం చూసి వెనక బెంచీలో కూర్చోబెట్టే చోటు నుంచి, ఆడపిల్లలకు రక్షణ లేని చోటు నుంచి లేచి రావడం పాపం కాదు, ఒక్కోసారి రాకపోవడమే పాపం. కాని ఆ కారణాలేవీ లేకుండా, మనసు నిలవక మారేవారి సంగతి వేరు. ఫోనులో ఒక ప్రసంగం సగం విని ఇంకో బోధకుడిని వెతకడం, పొద్దున్నే వాగ్దాన వచనం యాభైమందికి పంపి తాను ఆ అధ్యాయం తెరవకపోవడం కూడా ఈ రోగం లక్షణాలే.

ఇక్కడే ఒక అన్యాయం గురించి కూడా చెప్పుకోవాలి. సోమరితనం మీద ప్రసంగం అనగానే మనవారు సామెతలు ఆరవ అధ్యాయం తెరుస్తారు. "సోమరీ, చీమలయొద్దకు వెళ్లుము" అని మొదలుపెట్టి, చివరికి పేదవాడు పేదవాడిగా ఉండడానికి కారణం వాడి సోమరితనమే అన్నట్టు ముగిస్తారు. ఎదుట కూర్చున్నవారిలో సగంమంది తెల్లవారకముందే లేచి మిరప తోటల్లోకో పత్తి చేలకో పోయి వచ్చినవారు. పొద్దున్నే కూలీల అడ్డా మీద నిలబడినవారిని చూడండి. తొమ్మిది దాటినా ఎవరూ పిలవకపోతే వారు అక్కడే ఉంటారు, ఊరకనే. మత్తయి 20లో ప్రభువు చెప్పిన యజమాని సాయంత్రం అయిదు గంటల వేళ అలాంటివారినే చూసి, దినమంతా ఎందుకు ఊరకనే నిలిచి ఉన్నారని అడిగాడు. ఎవరూ మమ్మల్ని కూలికి పెట్టుకోలేదు అన్నారు వారు. ఆయన దానికి చీమ కథ చెప్పలేదు. పనిలో పెట్టుకున్నాడు, పూర్తి కూలి ఇచ్చాడు.

సామెతల్లోని సోమరి మాత్రం నిజానికి హాస్యపాత్ర. వీధిలో సింహమున్నదంటాడు. ఉతక మీద తలుపు తిరిగినట్టు పడక మీద తిరుగుతాడు. పాత్రలో ముంచిన చెయ్యి నోటి దాకా ఎత్తడం కష్టమనుకుంటాడు. పదమూడవ అధ్యాయంలో ఒక మాట ఉంది, సోమరి ఆశపడును గాని వాని ప్రాణమునకేమియు దొరకదని. కోరికలకు లోటు లేదన్నమాట. కావాలి, కాని ఆ కావలసినదాని కోసం చెయ్యి కదలదు. అన్నం పళ్లెంలో ఉంది, ఆకలీ ఉంది, మధ్యలో జానెడు దూరం.

ఆ జానెడు దూరంలో ఏముందో అందరికంటె సూటిగా చెప్పినవాడు, నాకు తెలిసినంతలో, పదమూడవ శతాబ్దపు క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్. ఆయన దీన్ని ఒక రకమైన దుఃఖం అన్నాడు. ఆత్మకు మేలు చేసేదాన్ని, దేవుణ్ణే, చూసి కలిగే దుఃఖం. ఆనందం కలగవలసిన చోట భారం కలగడం. దేవుడు మనలను ప్రేమిస్తున్నాడన్న వార్త వినడానికి బాగానే ఉంటుంది. ఆ ప్రేమ మనలో ఉన్నదాన్ని మార్చబోతోందని, క్షమించనివాణ్ణి క్షమించమని అడగబోతోందని తెలిసేసరికి, ఎందుకు వచ్చిన గొడవ అనిపిస్తుంది. ఆయన ఎదురుగా రాగానే మనం ముఖం తిప్పుకుంటాం. అక్వినాస్ ఇంకో మాట కూడా అన్నాడు, నన్ను చాలా రోజులు ఆలోచింపజేసినది. సోమరితనం పది ఆజ్ఞల్లో దేనికి విరోధం? పని చేయమన్న ఆజ్ఞకు అనుకుంటాం. ఆయన విశ్రాంతిదినపు ఆజ్ఞకు అన్నాడు. మనసు దేవునిలో విశ్రమించాలన్నది ఆ ఆజ్ఞ లోపలి అర్థం గనుక, దేవుని దగ్గర కుదురుగా ఉండలేని మనసు ఆ ఆజ్ఞనే మీరుతోంది. అంటే సోమరికి చేతకానిది విశ్రాంతి! మన ఆదివారాలను ఈ మాటతో కొలిచి చూడండి. ఆరాధన, ఆ వెంటనే కమిటీ, ఆపైన స్త్రీల సమాజం, సాయంత్రం యువజన కూటం, మధ్యలో ఎవరు ఎవరికి నమస్కారం పెట్టలేదన్న పంచాయితీ.

ఈ రోగం మనిషిని ఎలా పాడుచేస్తుందో మన చెరువులను చూస్తే తెలుస్తుంది. కాకతీయుల కాలం నుంచి చెరువుల మీద బతికిన నేల ఇది. చెరువుకు గండి పడితే ఊరంతా పరుగెత్తుతుంది. వ్యభిచారం, దొంగతనం, తాగుడు వంటి పాపాలు అలాంటివి, సంఘమంతా గగ్గోలు పెడుతుంది. పూడికకు ఎవరూ పరుగెత్తరు. ప్రతి వానకూ కాస్త ఒండ్రు దిగుతుంది, పైన నీళ్లు ఎప్పటిలాగే తళతళలాడుతుంటాయి. పైగా పూడిన చెరువు లోతైన చెరువు కంటె ముందే నిండుతుంది, ముందే అలుగు పోస్తుంది. చూసేవారికి సంబరం. యాసంగిలో గాని సంగతి బయటపడదు, అప్పుడు ఎండేది ఆయకట్టు చివరి పొలాలు. ఆదివారం పాటల్లో పొంగి పొర్లే మనిషి బుధవారం ఇంట్లో మంచం పట్టిన తల్లికి గ్లాసుడు నీళ్లు అందించడానికి విసుక్కోవడం నేను చూశాను, మీరూ చూసి ఉంటారు. పూడిక మట్టి చెడ్డదేమీ కాదు. 2015లో మిషన్ కాకతీయ పనులు మొదలైనప్పుడు రైతులు దాన్ని ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. ఉండకూడని చోట చేరడమే దాని తప్పు, కేసియన్ చెప్పిన ఆ పరామర్శల మాదిరిగానే.

లోతు తగ్గుతున్నకొద్దీ ఏమవుతుంది? ఆరవ శతాబ్దపు పోపు గ్రెగొరీ ఈ పాపానికి పుట్టే సంతానాన్ని లెక్కపెట్టాడు: దుర్బుద్ధి, కక్ష, పిరికితనం, నిరాశ, ఆజ్ఞల పట్ల మొద్దుబారడం, తగని వాటి వెంట మనసు తిరగడం. కక్ష ఇందులో ఎలా వచ్చిందా అని ముందు అనిపిస్తుంది. చల్లారిన మనిషికి వెచ్చగా ఉన్నవాణ్ణి చూస్తే ఒళ్లు మండుతుంది. కొత్తగా బాప్తిస్మం తీసుకుని ఉత్సాహంగా పరుగెత్తే కుర్రవాణ్ణి చూసి "మేమూ ఇలాగే ఉండేవాళ్లం, నాలుగు రోజులు పోతే తెలుస్తుంది" అనే పెద్దలు ప్రతి సంఘంలో ఉంటారు. అది అనుభవజ్ఞానం అనుకుంటారు పాపం.

నా దృష్టిలో అన్నిటికంటె పెద్ద ప్రమాదం మత్తయి 25లో ఉంది. ఒక్క తలాంతు పొందినవాడు దాన్ని భూమిలో దాచాడు. ఒక్కటే గదా అనుకోకండి. తలాంతు అంటే దాదాపు ఆరువేల దేనారాలు, కూలివాడికి ఇరవై ఏళ్ల సంపాదన. యజమాని వచ్చినప్పుడు వాడు చెప్పిన జవాబు చూడండి: నీవు విత్తనిచోట కోయువాడవు, కఠినుడవు, అందుకే భయపడ్డాను. అంత సొమ్ము నమ్మి చేతిలో పెట్టినవాణ్ణి పట్టుకుని కఠినుడు అంటున్నాడు. చేయని పనికి సాకు వెతుక్కుంటూ వెతుక్కుంటూ చివరికి యజమాని ముఖాన్నే మార్చేసుకున్నాడు. ప్రార్థన మానేసినవాడు కొన్నాళ్లకు దేవుడు వినడంటాడు. ఇంకొన్నాళ్లకు దేవుడు కఠినుడంటాడు. ప్రార్థన మానిన సంగతి మాత్రం ఆ లెక్కలో రాదు. "సోమరివైన చెడ్డ దాసుడా" అన్న యజమాని మాట మనకు కఠినంగా తోస్తుంది గాని, అంతకుముందు ఆ దాసుడు ఆయనను ఏమన్నాడో కూడా చదవాలి.

అయితే ఒకటి. నీరసించినవారందరినీ ఈ గాటన కట్టేయకూడదు. ఏలీయా ఒక దినప్రయాణం అరణ్యంలోకి పోయి బదరీవృక్షము కింద కూలబడి, యెహోవా, నా ప్రాణము తీసికొనుము అన్నాడు. దేవుడు ఆయనను సోమరి అనలేదు. దూతను పంపి రొట్టె, నీళ్లు పెట్టించి పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. ప్రశ్నలు అడగడం ఆ తర్వాత, హోరేబు దగ్గర. వారాల తరబడి నిద్ర పట్టనివారికి, దేనిమీదా ఆశ లేనివారికి, పంట పోయి అప్పు మీదపడి మాట పడిపోయిన రైతుకు కావలసింది మందలింపు కాదు. పక్కన ఒక మనిషి కావాలి, తిండి కావాలి, వైద్యుడి దగ్గరికి తీసుకుపోయేవారు కావాలి. మనసు జబ్బుకు మందు వాడితే విశ్వాసం లేనట్టే అని చెప్పే బోధకులకు రాజుల మొదటి గ్రంథం పంతొమ్మిదవ అధ్యాయం మళ్లీ చదవమని మనవి.

మరి నిజంగా మధ్యాహ్నపు దయ్యమే అయితే? పరుగెత్తి తప్పించుకోలేమని ఎడారివారి అనుభవం. కేసియన్ యువకుడిగా ఉన్నప్పుడు ఈ బాధ తట్టుకోలేక అబ్బా పౌలు (సన్యాసుల్లో పెద్దను అబ్బా, అంటే తండ్రి, అనేవారు) దగ్గరికి పోయి తేలికపడ్డానని చెప్పుకున్నాడు. అబ్బా మోషే విని, నువ్వు తప్పించుకోలేదు, లోబడ్డావు అన్నాడు. నిలబడి ఎదిరించాలి, పారిపోయినకొద్దీ దానికి బలం. ఆ అబ్బా పౌలు మనుషులకు చాలా దూరంగా ఉండేవాడు. ఆయన అల్లినవి అమ్మాలంటే బండి కూలికే ఎక్కువ అవుతుంది. అయినా రోజూ ఈత మట్టలు కోసి తనకు తాను పెట్టుకున్న లెక్క ప్రకారం అల్లేవాడు. ఏడాది చివర గది నిండాక అంతా కాల్చేసి, మళ్లీ మొదలుపెట్టేవాడు. ఇది వృథా పని అనే మా సంఘ పెద్దలతో నేను వాదించను. ఏ పనికైనా ఫోటో ఉండాలి, రిపోర్టు ఉండాలి అనుకునే కాలంలో ఆయన నాకు కావలసినవాడిలా అనిపిస్తాడు, అంతే.

అబ్బా ఆంథోనీ కథ ఇంకా చిన్నది. విసుగు కమ్మేసిన రోజున ప్రభువా, నేనేం చేయాలి అని మొరపెట్టాడు. బయటికి వచ్చి చూస్తే తనలాంటివాడే ఒకడు కూర్చుని తాడు పేనుతున్నాడు, లేచి ప్రార్థిస్తున్నాడు, మళ్లీ కూర్చుని పేనుతున్నాడు. ఇలా చెయ్యి, బతుకుతావు అని వినిపించింది. వచ్చినవాడు దూత. దర్శనం అంటే మనం మెరుపులు, స్వరాలు ఆశిస్తాం. ఆయనకు చూపించింది తాడు పేనే పని.

మన ప్రాంతంలో దీన్ని చేసి చూపించినవారు ఉన్నారు. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య గారు డోర్నకల్ చేరినప్పుడు ఆయన సంఘస్థుల్లో ఎక్కువమంది దొరల పొలాల్లో చాకిరీ చేసే మాల, మాదిగ కుటుంబాలవారు. పగలంతా ఒళ్లు వంచి వచ్చి, రాత్రిపూట గుడిలో చేరి ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, పాటలు కంఠస్థం చేసేవారు. చదువు రాదు గనుక ఒకరు చెబితే అందరూ అనడమే. అదే వాక్యం, మర్నాడు కూడా అదే వాక్యం. డోర్నకల్‌లో ఎపిఫనీ కథీడ్రల్ 1939లో గాని ప్రతిష్ఠకు రాలేదు, అజరయ్య గారు బిషప్పు అయిన ఇరవై ఆరేళ్లకు. ఆ రాళ్లను చూడడానికి పోయినవారు, రాత్రి పాఠాలకు కూర్చున్నవారిని కూడా తలచుకుంటే బాగుంటుంది.

కథోలిక సహోదరులకు మధ్యాహ్నం పన్నెండింటికి గంట కొట్టి త్రికాల జపం చెప్పే ఆచారం ఉంది. ఎవాగ్రియస్ చెప్పిన నాలుగు గంటల నట్టనడుమ పడుతుంది అది. బాప్టిస్టులం, సి.ఎస్.ఐ. వారం మనకు గంట లేదు, కాని ఆ వేళకు ఒక నిమిషం ఆగడానికి ఏ సిద్ధాంతమూ అడ్డు రాదు. పొడవైన ప్రార్థన అక్కర లేదు. ఎవాగ్రియస్ ఇచ్చిన మందు నలభై రెండవ కీర్తన: "నా ప్రాణమా, నీవు ఏల క్రుంగియున్నావు?" మనిషి తనను రెండుగా చేసుకుని, ఒక సగం రెండో సగాన్ని ఓదార్చాలన్నాడు. వేరే ఎవరూ ఓదార్చడం లేదన్నది కదా అసలు ఫిర్యాదు. ఇంకా, మొదలుపెట్టిన పనికి ఒక కొలత పెట్టుకోవాలి, అది ముగిసేదాకా లేవకూడదు. కొలత చిన్నదైనా ఫరవాలేదు. ఒక అధ్యాయం అనుకుంటే ఒక అధ్యాయం. రోగిని చూడాలనుకుంటే ఆ ఒక్క రోగిని, ఫోను జేబులో పెట్టి, ఆయన చెప్పిన కథే మళ్లీ చెబుతున్నా వింటూ.

ఈ దయ్యాన్ని నిలబడి గెలిచినవాడి మీదికి వెంటనే ఇంకో దయ్యం రాదని, శాంతి, మాటలకందని ఆనందం వస్తాయని ఎవాగ్రియస్ రాశాడు. మర్నాడు పది గంటలకు అదే దయ్యం మళ్లీ రాదని మాత్రం ఆయన మాట ఇవ్వలేదు.